మూడో నిమిషంలో తోక తిరిగిపోయే హెలికాప్టర్: ఇండోర్ క్లబ్బు నుంచి ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో రెండు కోర్టుల బ్యాడ్మింటన్ షెడ్డులో వారానికోసారి ఎగిరే రిమోట్‌తో నడిపే ఒక చిన్న కలెక్టివ్ పిచ్ (రోటర్ బ్లేడుల వాలు, అంటే పిచ్, మార్చి పైకీ కిందికీ నడిపే రకం) హెలికాప్టర్ కేసు ఇది. దాని మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. మొదటి రెండు నిమిషాలు గాల్లో చక్కగా నిలబడుతుంది, మూడో నిమిషం దాటాక కాస్త గట్టిగా పైకి లేపితే ముక్కు ఎడమకు తిరిగిపోతుంది, కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే స్టిక్) పూర్తిగా ఇచ్చినా వెనక్కి రాదు. రెండోది, హాలు కుడి మూలలో ఎగిరితే గోడవైపు జారుకుంటూ పోతుంది, ట్రిమ్ (జారుడును సరిదిద్దే రిమోట్ మీది చిన్న సర్దుబాటు) ఎన్ని క్లిక్కులు వేసినా చాలదు.

ఇలాంటి ఫిర్యాదుకు ఏ క్లబ్బులోనైనా ముందు వచ్చే సలహా గైరో గెయిన్ (తోక తిరగబోతే గైరో సెన్సర్ ఎంత గట్టిగా సరిదిద్దాలన్న సెట్టింగు) పెంచమని, ట్రిమ్ వెయ్యమని. ఈ హెలీకి ఆ రెండూ అప్పటికే చేసి ఉన్నారు. గెయిన్ పెంచాక తోక మామూలు హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు) కూడా సన్నగా ఊగడం మొదలైంది, మూడో నిమిషం జబ్బు మాత్రం అలాగే ఉంది. ఆ మాట చాలు, జబ్బు గెయిన్‌లో లేదని తెలియడానికి. ఎక్కడుందో వెతకడానికి పాటించిన నియమం ఒక్కటే. ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పు తర్వాత అవే బ్యాటరీలతో, అదే చోట, అవే కదలికలు. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే హెలీ బాగుపడొచ్చు, కానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ అదే జబ్బు వచ్చినప్పుడు మొదటినుంచీ వెతుక్కోవాలి.

హెలీ, హాలు

రోటర్ వ్యాసం 24.5 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 55 గ్రాములు. మెయిన్ రోటర్‌ను బ్రష్‌లెస్ మోటర్ పళ్ల చక్రం ద్వారా తిప్పుతుంది. టెయిల్‌కు విడిగా 7 మిల్లీమీటర్ల బ్రష్డ్ కోర్‌లెస్ మోటర్, దాని షాఫ్టుకే తొడిగిన ప్రొపెల్లర్. ఫ్లైబార్ (రోటర్‌ను నిలకడగా ఉంచే అడ్డ కడ్డీ) లేని హెడ్, బ్లేడుల వాలు మార్చే మూడు లీనియర్ సర్వోలు. గైరోలు, రిసీవర్, స్పీడ్ కంట్రోలర్ అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. బ్యాటరీ 1ఎస్ (ఒకే లిథియం సెల్లు), 450 ఎంఏహెచ్, 25సీ (సామర్థ్యానికి 25 రెట్ల కరెంటు ఇవ్వగలదని రేటింగు). కనెక్టర్ ఈ సైజులో ఎక్కువగా కనిపించే తెల్లటి పీహెచ్ 2.0.

హాలు సుమారు 18 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు. రేకుల కప్పు మధ్యలో 8 మీటర్ల ఎత్తు. ఎగరేసేటప్పుడు నెట్లు విప్పేస్తారు, స్తంభాలకు ఫోమ్ చుడతారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేస్తారు. గోడలకు ముదురు ఆకుపచ్చ రంగు. షటిల్ కనిపించడానికి వేసిన ఆ రంగు హెలీకి కూడా మేలే, క్యానపీ (హెలీ ముందు తొడుగు) ఫ్లోరసెంట్ పసుపో నారింజో అయితే. నీలం, నలుపు క్యానపీ ఆ గోడ ముందు ఎటు తిరిగి ఉందో 10 మీటర్ల దూరం నుంచి తెలియదు. ఎదురుగా ఉన్న మనిషి స్టిక్ తప్పు వైపు నొక్కడానికి అది చాలు.

ఇంత చిన్న హెలీ ఎంత గాలిని కదుపుతుందో లెక్క వేసుకుంటే ఈ కేసులో సగం విషయం అర్థమవుతుంది. 55 గ్రాముల బరువును మోసే 24.5 సెంటీమీటర్ల డిస్క్ (రోటర్ తిరిగే వృత్తం) గుండా గాలి సెకనుకు సుమారు 2.2 మీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. డిస్క్ కిందికి వెళ్లేకొద్దీ ఆ ప్రవాహం సన్నబడి దాదాపు రెట్టింపు వేగం అందుకుంటుంది. ఘనపరిమాణంలో చెప్పాలంటే సెకనుకు 100 లీటర్ల పైమాటే. నాలుగు నిమిషాల్లో 25 ఘనపు మీటర్లు. ఇంట్లో 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో ఉన్న మొత్తం గాలి 27 ఘనపు మీటర్లు. అంటే ఇంటి గదిలో ఎగరేస్తే ఒక్క బ్యాటరీ అయ్యేలోపు గదిలోని గాలంతా ఒకసారి రోటర్ గుండా వెళ్లినంత పని జరుగుతుంది. హెలీ తాను రేపిన గాలిలో తానే ఈదుతుంటుంది. అందుకే ఇంట్లో చూసిన జారుడును నమ్మి ట్రిమ్ వేయకూడదు. హాలులో ఆ ఇబ్బంది నడిమధ్య ఉండదు, గోడల దగ్గర మాత్రం ఉంటుంది.

తోక జబ్బు ఏ రకమో తేల్చుకోవడం

తోక సరిగా నిలవకపోవడం అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులుంటాయి. సెకనుకు ఐదారుసార్లు గబగబా ఊగితే గెయిన్ ఎక్కువైనా అయి ఉండాలి, టెయిల్ బూమ్ (తోక కడ్డీ) వదులైనా అయి ఉండాలి, మెయిన్ రోటర్ అదురు గైరోకు తగులుతూనైనా ఉండాలి. స్టిక్ ముట్టకుండానే నిదానంగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతుంటే గైరో సున్నా సరిగా పట్టలేదన్నమాట. బ్యాటరీ తగిలించాక బోర్డు లైటు నిలకడగా వెలిగేదాకా హెలీని నేల మీద కదలకుండా ఉంచాలి, చేతిలో పట్టుకుని తగిలిస్తే వచ్చే జబ్బు ఇదే. ఇక పైకి లేపినప్పుడు మాత్రమే, ఎప్పుడూ ఒకే వైపుకు, ఊగకుండా తిరిగిపోతే టెయిల్‌కు బలం చాలడం లేదు.

ఆ ఒకే వైపు ఎడమే ఎందుకంటే, ఈ హెలీ మెయిన్ రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. దాని ప్రతిచర్యగా బాడీ వ్యతిరేక దిశలో, అంటే ముక్కు ఎడమకు, తిరగాలని చూస్తుంది. టెయిల్ ప్రొపెల్లర్ దాన్ని ఆపుతుంది. ఈ రకం టెయిల్ మోటర్ ఒకే దిశలో తిరుగుతుంది. ఎడమకు తిప్పాలంటే బోర్డు దాని వేగం తగ్గిస్తే సరిపోతుంది, మిగతా పని మెయిన్ రోటర్ టార్క్ (తిప్పే బలం) చేసిపెడుతుంది. కుడికి తిప్పాలంటే మాత్రం మోటర్ ఇంకా వేగం పుంజుకోవాలి. కాబట్టి బలం ఎక్కడైనా అయిపోతే కుడివైపే అయిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన సాధనం ఏదీ అక్కర్లేదు. 2 మీటర్ల ఎత్తున హోవర్‌లో రడ్డర్ స్టిక్‌ను సగం దాకా ఎడమకు పట్టి ఒక పూర్తి చుట్టు, తర్వాత అంతే కుడికి పట్టి ఒక చుట్టు తిప్పాలి. పక్కన ఒకరు ఫోన్‌తో వీడియో తీయాలి, తర్వాత ఫ్రేములు లెక్కపెట్టాలి. గైరో అడిగేది స్టిక్ ఎంత జరిగిందో అంత వేగం, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న హెలీలో రెండు చుట్లకూ దాదాపు ఒకే సమయం పట్టాలి. ఈ హెలీకి నిండు బ్యాటరీతో రెండు వైపులా ఒకటిన్నర సెకను పట్టింది. నాలుగో నిమిషంలో ఎడమ చుట్టు అదే ఒకటిన్నర, కుడి చుట్టు మూడు సెకన్లు దాటింది, అదీ మధ్యలో ఆగుతూ. బోర్డు టెయిల్ మోటర్‌కు నూటికి నూరు శాతం ఇచ్చేసింది, మోటర్ నుంచి రావాల్సింది రావడం లేదు. నూరు శాతం ఇచ్చేశాక గెయిన్ పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. అది హోవర్‌లో ఊగును మాత్రమే తెచ్చింది. అందుకే గెయిన్‌ను మొదట ఉన్న చోటికే తెచ్చి, రిమోట్‌లో ట్రిములన్నీ మధ్యకు పెట్టి, అసలు పని మొదలైంది.

కరెంటు దారిలో ఎక్కడ పోతోంది

జబ్బు మూడో నిమిషంలోనే ఎందుకు బయటపడుతోంది? లిథియం సెల్లు 4.20 వోల్టుల దగ్గర మొదలై వాడేకొద్దీ దిగుతుంది. మొదట్లో టెయిల్‌కు మిగులు ఉంటుంది, తర్వాత ఉండదు. అంటే సెల్లుకూ మోటర్‌కూ మధ్య వోల్టేజి ఎక్కడ పోతోందో కొలవాలి.

ముందు ఎంత కరెంటు వాడుతోందో తెలియాలి. ఎగిరే హెలీకి ఆమీటర్ కట్టలేం. నాలుగు నిమిషాలు హోవర్ మాత్రమే చేసి దింపి, ఛార్జర్ తిరిగి ఎంత ఎక్కించిందో చూస్తే చాలు. 225 ఎంఏహెచ్ ఎక్కించింది. నాలుగు నిమిషాలకు 225 అంటే సగటున 3.4 ఆంపియర్లు. గట్టిగా పైకి లేపినప్పుడు అది దాదాపు రెట్టింపవుతుంది, 6.5 ఆంపియర్లు అనుకుని లెక్క వేశారు.

బ్యాటరీల అంతర్గత నిరోధం ఛార్జర్‌లోనే కనిపిస్తుంది. నిండుగా ఛార్జ్ చేసి, గది వేడిమి దగ్గర మూడింటినీ వరసగా కొలవాలి. డిసెంబరు తెల్లవారుజామున బైకు డిక్కీలోంచి తీసిన బ్యాటరీ రీడింగును మధ్యాహ్నం రీడింగుతో పోల్చకూడదు, చలికి నిరోధం పెరుగుతుంది. ఈ మూడింటిలో ఒకటి 38 మిల్లీఓమ్‌లు, రెండోది 41, మూడోది 72. జబ్బు మూడోదాంతో అన్నిటికన్నా ముందే వచ్చేది, కానీ మంచి రెండింటితోనూ వచ్చేది. కాబట్టి ముసలి బ్యాటరీ జబ్బును పెంచుతోందే తప్ప పుట్టించడం లేదు.

తర్వాత కనెక్టర్. దీన్ని ఎవరూ కొలవరు, కానీ 1ఎస్ హెలీల్లో ఎక్కువ నష్టం ఇక్కడే. పీహెచ్ 2.0 కనెక్టర్ కేటలాగులో ఇచ్చే రేటింగు 2 ఆంపియర్లు. ఇక్కడ హోవర్‌కే 3.4 నడుస్తోంది. కొలిచే పద్ధతి ఇది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట 1 ఓమ్, 10 వాట్ల తెల్లటి సిమెంట్ రెసిస్టర్ దొరుకుతుంది. హెలీ వైపు ఉండే కనెక్టర్ లాంటిది ఒకటి దానికి సోల్డర్ చేయాలి. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టులకు పెట్టి, ఒక ప్రోబ్ కనెక్టర్‌కు ఇవతల బ్యాటరీ వైపు పాజిటివ్ పిన్ వెనక, రెండోది అవతల లోడు వైపు పాజిటివ్ వైరు మీద ఆనించాలి. బ్యాటరీ తగిలించి మూడు నాలుగు సెకన్లలో రీడింగు చూసి తీసేయాలి, రెసిస్టర్ చేయి కాలేంత వేడెక్కుతుంది. నెగటివ్ వైపూ అలాగే. సుమారు 3.7 ఆంపియర్లు పారేటప్పుడు రెండు వైపులా కలిపి 166 మిల్లీవోల్టులు పడిపోయాయి. అంటే 45 మిల్లీఓమ్‌లు. మంచి బ్యాటరీ సెల్లు కన్నా దాని కనెక్టరే ఎక్కువ అడ్డుపడుతోంది.

కూడి చూస్తే లెక్క ఇలా తేలింది. విశ్రాంతిలో 3.75 వోల్టులున్న పాత బ్యాటరీ 6.5 ఆంపియర్ల దగ్గర సెల్లు లోపలే 0.47 వోల్టులు పోగొట్టుకుంటుంది, కనెక్టర్‌లో ఇంకో 0.29 పోతుంది. బోర్డుకు చేరేది సుమారు 3 వోల్టులు. మంచి బ్యాటరీ, మంచి కనెక్టర్ అయితే 3.45 దాకా చేరాలి. తేడా 15 శాతమే కదా అనిపిస్తుంది. ప్రొపెల్లర్ తోపు వేగం వర్గంతో పెరుగుతుంది కనుక టెయిల్ బలంలో అది దాదాపు 30 శాతం తేడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దాన్ని పట్టించుకోకపోతే జబ్బు తీవ్రత అర్థం కాదు. వోల్టేజి పడితే మెయిన్ రోటర్ వేగం కూడా పడుతుంది. అదే బరువు మోయాలి కాబట్టి పైలట్ చేయి తెలియకుండానే కలెక్టివ్ పెంచుతుంది. పని దాదాపు అంతే, తిరిగే వేగం తక్కువ, కాబట్టి టార్క్ పెరుగుతుంది. టెయిల్ బలం తగ్గుతున్న ఆ క్షణంలోనే టెయిల్ ఆపాల్సిన టార్క్ పెరుగుతుందన్నమాట. రెండూ ఎదురెదురుగా నడుస్తాయి గనుకే తోక మెల్లమెల్లగా బలహీనపడినట్టు కాకుండా, ఒక్కసారిగా చేయిజారినట్టు కనిపిస్తుంది.

కనెక్టర్‌ను బీటీ 2.0కు మార్చారు. పీహెచ్‌లో పిన్ను మడిచిన రేకు, బీటీలో గట్టి పిన్ను. అదే రెసిస్టర్ మీద మళ్లీ కొలిస్తే 30 మిల్లీవోల్టులు, అంటే 8 మిల్లీఓమ్‌లు. మార్చేటప్పుడు బ్యాటరీ వైర్లు రెండూ ఒకేసారి కత్తిరించకూడదు. కత్తెర రెంటినీ కలిపి షార్ట్ చేస్తుంది. ఒక వైరు కత్తిరించి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ తొడిగాకే రెండోది. హెలీ వైపు 22 గేజి సిలికాన్ వైరు, ఎంత పొట్టిగా వస్తే అంత పొట్టిగా. మొదటిసారి తగిలించే ముందు మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూసుకోవాలి, తలకిందులైతే బోర్డు ఆ క్షణమే పోతుంది.

ఈ ఒక్క మార్పుతో మంచి బ్యాటరీల మీద జబ్బు మూడో నిమిషం నుంచి చివరి అర నిమిషానికి జరిగింది. పోలేదు.

టెయిల్ మోటర్

బ్రష్డ్ కోర్‌లెస్ మోటర్‌కు ఆయుష్షు గంటల్లోనే ఉంటుంది. బ్రష్‌లు సన్నటి లోహపు రేకులు, కమ్యుటేటర్ (మోటర్ లోపల తిరుగుతూ కరెంటు అందుకునే రింగు) మీద రాసుకుంటూ అరుగుతాయి. అరిగిన మోటర్ చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది, వేడెక్కాక కుంటుపడుతుంది. మల్టీమీటర్‌తో దాని నిరోధం కొలిచి ఏదో తేల్చాలని చూస్తే పప్పులో కాలేసినట్టే. ఒక ఓమ్ దగ్గర మామూలు మీటరు రీడింగు ప్రోబ్ ఎంత గట్టిగా నొక్కామన్నదాన్ని బట్టి మారుతుంది. కొత్త మోటర్‌తో పక్కపక్కన పెట్టి పోల్చడమే నమ్మకమైన పరీక్ష. ప్రొపెల్లర్ తీసి, రెండింటికీ 3.7 వోల్టులిస్తే కొత్తది 0.12 ఆంపియర్ల దగ్గర కదలకుండా నిలబడింది, పాతది 0.25 దగ్గర అంకెలు ఎగిరెగిరిపడుతూ తిరిగింది. చీకట్లో చూస్తే వెనక మూత రంధ్రంలోంచి నిప్పురవ్వలు కనిపించాయి. అంతకుముందు ఎవరో ప్రొపెల్లర్ దగ్గర నూనె చుక్క వేసిన జాడ కూడా ఉంది. ఈ మోటర్లకు నూనె వేయకూడదు. అది బ్రష్ పొడిని ముద్ద చేసి కమ్యుటేటర్ ముక్కల మధ్య అతికిస్తుంది.

బ్యాడ్మింటన్ హాలులో ఇంకో గండం ఉంది. షటిల్ ఈకల పోగులు, గ్రిప్ టేపు దారాలు, తలవెంట్రుకలు టెయిల్ షాఫ్టుకు చుట్టుకుంటాయి. ప్రొపెల్లర్ తీస్తే దాని వెనక బిగుసుకుపోయిన ఉండ కనిపిస్తుంది. ఎగిరే ముందు నేలను ఒకసారి పొడి మాప్‌తో తుడిస్తే చాలావరకు తప్పుతుంది. ఈ మోటర్‌కూ కొంత చుట్టుకుని ఉంది, అది తీసేశాక కూడా 0.25 తగ్గలేదు కాబట్టి మోటర్ మార్చారు.

కొత్త మోటర్‌ను తొడిగిన వెంటనే ఎగరేయకూడదు. ప్రొపెల్లర్ లేకుండా 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుతో పది పదిహేను నిమిషాలు తిప్పితే బ్రష్‌లు కమ్యుటేటర్ గుండ్రానికి సర్దుకుంటాయి. ప్రొపెల్లర్ నొక్కేటప్పుడు మోటర్ వెనక షాఫ్టు కొనకు ఏదైనా గట్టి ఆనింపు ఇవ్వాలి. మోటర్ డొక్కను పట్టుకుని నొక్కితే ఆ ఒత్తిడికి షాఫ్టు వెనక మూతను తోసేస్తుంది. ప్రొపెల్లర్‌కూ మోటర్‌కూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉండాలి. బూమ్ లోపలి సన్న వైర్లు బోర్డు దగ్గర సోల్డర్ చేసిన చోట విరగడం కూడా మామూలే, పైకి అతికినట్టే ఉంటుంది, వేలితో కదిపితే తెలుస్తుంది.

మోటర్ మారాక మామూలుగా పైకి లేపితే చివరిదాకా తోక నిలబడింది. కలెక్టివ్ ఒక్కసారిగా మొత్తం ఇస్తే మాత్రం ముక్కు ఓ 30 డిగ్రీలు ఎడమకు పోయి తిరిగొచ్చేది.

రిమోట్‌లోని వంపులు

ఇప్పుడే సెట్టింగుల వంతు వచ్చింది. ఐదు పాయింట్ల థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఏ స్థానంలో మెయిన్ మోటర్‌కు ఎంత శాతం ఇవ్వాలన్న వరస) 0, 60, 85, 95, 100 దగ్గర ఉంది. ఆరుబయట గాలికి ఎదురు నిలవడానికి పెట్టుకున్న కర్వ్ అది. హాలులో దానివల్ల ఉపయోగం లేదు. కలెక్టివ్ పెంచుతున్న క్షణంలోనే థ్రాటిల్ కూడా పెరిగి మెయిన్ రోటర్ వేగం అందుకోవడానికి తంటాలు పడుతుంది, ఆ వేగం పెరుగుదల టార్క్ తోక మీదే పడుతుంది. రోటర్ వేగం దాదాపు స్థిరంగా ఉంచి, ఎత్తును పిచ్‌తోనే నడిపించాలి. కర్వ్‌ను 0, 50, 68, 71, 75కు మార్చారు. గరిష్ఠ పిచ్‌ను 11 డిగ్రీల నుంచి 9కి దించారు. 8 మీటర్ల కప్పు కింద 11 డిగ్రీలు వాడే అవసరమే రాదు.

ఇంత చిన్న బ్లేడుకు పిచ్ గేజ్ సరిగా కూర్చోదు. సున్నా పిచ్ చూడటానికి సులువైన దారి ఉంది. మోటర్ వైర్లు తీసేసి, స్టిక్ నడిమధ్య పెట్టి, రెండు బ్లేడులనూ వెనక్కి టెయిల్ వైపు మడవాలి. రెండూ ఒకదానిపక్క ఒకటి ఒకే తలంలో ఉంటే సున్నా సరిగా ఉన్నట్టు. ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపిస్తే లింకును (బ్లేడు వాలు మార్చే చిన్న కడ్డీ) అర చుట్టు తిప్పి సరిచేయాలి. స్వాష్‌ప్లేట్ (సర్వోల కదలికను బ్లేడులకు అందించే పళ్లెం) అడ్డంగా ఉందో లేదో షాఫ్టుకు సరిగా 90 డిగ్రీలుగా కత్తిరించిన అట్టముక్క ఆనించి చూడొచ్చు.

ఈ మార్పుతో గట్టి పంచ్‌కు (కలెక్టివ్ ఒక్కసారిగా ఇవ్వడం) కూడా ముక్కు చెదరడం ఆగింది. చివరి పరీక్షలో నాలుగో నిమిషం కుడి చుట్టు 1.6 సెకన్లు. 72 మిల్లీఓమ్‌ల బ్యాటరీని ఎగరడం మాన్పించి, సర్వో పరీక్షలకు పక్కన పెట్టారు.

అదురు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది, ఈ కేసులో అది ముద్దాయి కాదు. మెయిన్ షాఫ్టును అద్దం మీద దొర్లించి వంకర లేదని చూశారు. బ్లేడుల బరువు బంగారం తూచే 0.01 గ్రాముల కాటాలో 0.02 తేడా చూపింది, తేలిక బ్లేడు కొనకు కొద్దిగా సెల్లోటేపు అతికించి సరిచేశారు. కొనలకు ఎరుపు, నలుపు మార్కర్ పూసి కంటి ఎత్తున హోవర్‌లో, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు మీటర్ల దూరం నుంచి చూస్తే రెండూ ఒకే గీతలో తిరిగాయి.

గోడవైపు జారుడు

రెండో ఫిర్యాదు అసలు హెలీదే కాదు. దాన్ని నిరూపించడానికి ట్రిములు మధ్యలో ఉంచి హాలు నడిమధ్య హోవర్ చేయించారు. హెలీ నిలబడింది. కొద్దిగా కుడికి ఒరిగి నిలబడింది, అది సహజం. టెయిల్ ప్రొపెల్లర్ బాడీ మొత్తాన్నీ ఎడమకు తోస్తుంటుంది, ఆ తోపును కాచుకోవడానికి రోటర్ కాస్త కుడికి వంగాలి. ఈ ఒరుగును దోషం అనుకుని స్వాష్‌ప్లేట్ లింకులు తిప్పేవాళ్లున్నారు. తిప్పితే హోవర్ నిటారుగా కనిపిస్తుంది, హెలీ ఎడమకు పోతుంది.

కుడి గోడకు మీటరు దూరంలోకి వచ్చేసరికి జారుడు మొదలైంది. రోటర్ గాలి కిందికి దిగి, నేలకు తగిలి, పక్కకు పరుచుకుని, గోడ దగ్గర ఆగి, గోడ వెంట పైకెక్కి, మళ్లీ రోటర్ మీదికే వస్తుంది. గోడవైపు డిస్క్ తానే తోసిన గాలిలో పనిచేయాల్సి వస్తుంది, అక్కడ లిఫ్టు తగ్గుతుంది, హెలీ అటు వాలుతుంది. మూలలో రెండు గోడలు కలిసి ఇంకా లాగుతాయి. 2 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు టిష్యూ పేలికలను కర్రకు కట్టి ఒకటిన్నర మీటర్ల ఎత్తున గోడ పక్కన నిలబెడితే హెలీ దించిన తర్వాత కూడా అవి కాసేపు ఊగుతూనే ఉన్నాయి. నడిమధ్య పేలికలు త్వరగా సద్దుమణిగాయి.

కప్పు దగ్గర దీనికి తలకిందులు జరుగుతుంది. రోటర్ కప్పుకు ఒక చేతి జానెడు దూరంలోకి వెళితే పైనుంచి గాలి అందక కప్పుకే అతుక్కుపోవాలని చూస్తుంది. ట్యూబులైట్ల కింద ఎగరేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు థ్రాటిల్ మొత్తం కోసేయకుండా పిచ్ తగ్గించి దిగాలి. నిటారుగా దిగేటప్పుడు ఈ సైజు హెలీని సెకనుకు ఒక మీటరు మించకుండా దింపాలి. దానికి మించితే తన గాలిలోకే తాను దిగి, సుడిలో చిక్కి, ఊగుతూ పడుతుంది, పిచ్ పెంచినకొద్దీ ఇంకా పడుతుంది. ముందుకు వంచి పక్క గాలిలోకి తప్పించడమే మందు.

హాలు నడిపే పద్ధతిలో మార్పులు

ఈ కేసు తర్వాత క్లబ్బు ఎగిరే చోట్లను మళ్లీ గీసింది. ప్రతి గోడ నుంచీ 2 మీటర్లు వదిలి నేల మీద మాస్కింగ్ టేపు. పైలట్లంతా ఒకే వైపు, హెలీలు వాళ్లకు 4 మీటర్ల అవతల. చూసేవాళ్లు వల వెనక. 100 గ్రాముల లోపు హెలీలు రెండు కోర్టుల్లో రెండు. 40 సెంటీమీటర్ల రోటర్, 300 గ్రాముల తరగతి హెలీ ఎగిరేటప్పుడు మిగతావన్నీ నేల మీదే ఉండాలి. దాని కింది గాలి సెకనుకు ఆరు మీటర్లు దాటుతుంది, నేల వెంట పరుచుకుని పక్క కోర్టులోని 55 గ్రాముల హెలీని తోసిపారేస్తుంది. పైగా ఆ కార్బన్ బ్లేడులకు, ఈ ప్లాస్టిక్ బ్లేడులకు మనిషి చర్మం మీద చూపే తేడా చాలా పెద్దది. 2021 డ్రోన్ నియమాల్లో 250 గ్రాముల లోపువి నానో తరగతి, వాటికి రిమోట్ పైలట్ లైసెన్సు అక్కర్లేదు. 300 గ్రాములది ఆ గీత దాటి మైక్రో తరగతిలో పడుతుంది, వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే దానికీ లైసెన్సు అక్కర్లేదు.

థ్రాటిల్ హోల్డ్ (మోటర్‌ను వెంటనే ఆపే) స్విచ్ ఏ వేలికి అందుతుందో ప్రతి పైలట్ ఎగిరే ముందు చూపించాలి. గోడకు తగలబోతున్న హెలీని కాపాడే ప్రయత్నం మానేసి హోల్డ్ వేస్తే సాధారణంగా ఒక బ్లేడుతో పోతుంది. మోటర్ తిరుగుతుండగా తగిలితే మెయిన్ గేరు పళ్లు, సర్వో పళ్లు, ఫెదరింగ్ షాఫ్టు (బ్లేడులు రెండింటినీ పట్టే కడ్డీ) మూడూ పోతాయి.

ఛార్జింగ్ బల్ల తలుపు పక్కన, రేకు డబ్బాలో, కింద ఇసుక. 450 ఎంఏహెచ్‌కు 0.45 ఆంపియర్లు. దిగిన వెంటనే వేడి మీద ఛార్జ్ పెట్టకూడదు. టైమర్ 4 నిమిషాలు, దిగాక పది నిమిషాలు ఆగి కొలిస్తే 3.75 వోల్టుల దగ్గర ఉండాలి. అంతకన్నా తక్కువుంటే టైమర్ 15 సెకన్లు తగ్గించాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు మధ్యాహ్నం కొలిమిలా ఉంటుంది. టెయిల్ మోటర్‌కు రెండు బ్యాటరీల మధ్య పావుగంట విరామం ఇవ్వాలి, వీలైతే ఎగిరే వేళనే పొద్దున ఆరు గంటలకు మార్చుకోవాలి.

ఈ హెలీకి పెట్టుకున్న కొత్త తనిఖీ ఒక్కటే. నెలకోసారి మంచి బ్యాటరీ మీద, నాలుగో నిమిషంలో, ఎడమ చుట్టు, కుడి చుట్టు వీడియో. కుడి చుట్టు 2 సెకన్లు దాటితే ముందు రెసిస్టర్‌తో కనెక్టర్ కొలవాలి, అది 15 మిల్లీఓమ్‌ల లోపుంటే టెయిల్ మోటర్ మార్చాలి. క్లబ్బులో ఇంకా పీహెచ్ 2.0 మీదే నడుస్తున్న మిగతా 1ఎస్ హెలీలకు ఇదే కొలత మొదలైంది. వాటిలో ముందు వంతు టెయిల్ గెయిన్ బాగా పెంచి పెట్టినవాటిది.